సొట్ట పడిందని మడ్‌గార్డ్ మార్చేయకండి, లప్పంతో కప్పేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన వారం మీ పేపర్లో పాత మోటార్‌సైకిళ్ల రిపేరు గురించి వేశారు, చాలా సంతోషం, కానీ సొట్ట పడిన మడ్‌గార్డ్‌కి లప్పం పెట్టి రంగు కొట్టేస్తే సరిపోతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చదివి నిజంగా బాధేసింది, అందుకే రాస్తున్నా.

మా నాన్న బండికి వెనక మడ్‌గార్డ్ మీద అరచెయ్యంత సొట్ట ఉండేది. రిపేరుకి ఇస్తే రేకు సరిచెయ్యకుండా నేరుగా లప్పం మెత్తి రంగేసి ఇచ్చారు, చూడ్డానికి అద్దంలా ఉంది. రెండు వానాకాలాలు గడిచాయో లేదో రంగు బుడగలు లేచింది. గోటితో గీకితే అర సెంటీమీటరు మందం లప్పం పెచ్చులుగా ఊడొచ్చింది, కింద రేకంతా తడితడిగా ఎర్రటి పొడి, ఎండకి ఎత్తి చూస్తే నాలుగు చిల్లుల్లోంచి వెలుతురు. మడ్‌గార్డ్ ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది కదా, అంత మందం లప్పం ఆ అదురుకి చీలుతుంది, చీలికలోకి దిగిన నీళ్లు ఇక ఆరవు.

ఆ తర్వాత పట్టుబట్టి నేనే నేర్చుకున్నా. పాత బళ్ల మడ్‌గార్డ్‌లు చాలావరకు ఒక మిల్లీమీటరు అటూఇటూ మందం ఉన్న మెత్తటి స్టీల్ రేకు, తొందరపడకపోతే చెప్పినట్టు వింటుంది. ముందు విప్పేసి లోపల గడ్డకట్టిన బురదంతా గీకి కడగాలి, లేకపోతే డాలీ, అంటే వెనకనుంచి ఆనించి పట్టుకునే నున్నటి ఇనప దిమ్మ, రేకుకి ఆనదు. చాలామంది చేసే తప్పేంటంటే సొట్ట నడిమధ్యన లోపల్నుంచి పెద్ద సుత్తితో గట్టిగా కొట్టడం, అలా కొడితే రేకు సాగిపోతుంది, తర్వాత వేలితో నొక్కితే డబ్బా మూతలాగా టక్కుటక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. సొట్ట చుట్టూ గట్టులా లేచిన అంచు ఉంటుంది చూడండి, బిగువంతా అక్కడే. డాలీని లోపల్నుంచి లోతైన చోట ఒత్తిపట్టి, పైనుంచి ఆ గట్టుని చిన్న సుత్తితో తేలిగ్గా కొడుతూ చుట్టూ తిరిగి రావాలి, గట్టు దిగేకొద్దీ సొట్ట పైకొస్తుంది. డాలీ మీదే రేకుని పెట్టి కొట్టడం చివర్లో నునుపుకి మాత్రమే, అదీ నాలుగు దెబ్బలు, ఎక్కువైతే మళ్లీ సాగుతుంది. డాలీ వంపు మడ్‌గార్డ్ వంపు కన్నా కాస్త ఎక్కువ గుండ్రంగా ఉండాలి, లేదంటే దాని అంచులు రేకుని పొడిచి కొత్త సొట్టలు పెడతాయి.

కంటికి కనబడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి, పలచటి గుడ్డ వేసి అరచేత్తో నిమరండి.

సాగిపోయిన రేకుకీ మందుంది. బొటనవేలి గోరంత చోట గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, వెంటనే మెల్లగా తట్టి తడిగుడ్డ పెడితే కుదించుకుంటుంది. అయితే రంగు పూర్తిగా తీశాకే మంట పెట్టాలి, జింక్ పూత ఉన్నదానికి అసలు పెట్టొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. క్రోమ్ ఉన్నవి కొడితే పూత లేచిపోతుంది కాబట్టి ముందు క్రోమ్ తీయించుకోవాలి.

లప్పం అసలు వాడొద్దని కాదు, రేకు సరయ్యాక మిగిలిన గీతల మీద ఒక పలచటి పూత చాలు, లోపలి వైపు మాత్రం తుప్పు గీకి ప్రైమర్ తప్పకుండా వెయ్యాలి. కొత్త మడ్‌గార్డ్ కొనేద్దామంటే, ఇప్పుడు దొరికే నకళ్లలో చాలావాటికి స్టే రాడ్ల (మడ్‌గార్డ్‌ని బండికి పట్టి ఉంచే కడ్డీల) చిల్లులు కుదరవు, మళ్లీ డ్రిల్లు పట్టుకోవాల్సిందే.

దయచేసి ఈసారి సుత్తీ డాలీతో పనిచేసే డెంటింగ్ మేస్త్రీ పక్కన మీ రిపోర్టర్‌ని ఒక పూట కూర్చోబెట్టండి, ఆయన చెయ్యి ఎక్కడ కొడుతోందో దగ్గర్నుంచి ఫొటోలు తీసి వెయ్యండి. నాన్న మడ్‌గార్డ్ చిల్లులకి లోపల్నుంచి రేకు ముక్క వెల్డ్ చేశాను, అదే ఇంకా బండికుంది.

ఇట్లు,
మీ పాఠకుడు