గుర్తింపు లేని ఫెలోషిప్పుల గురించి వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను హైదరాబాదులో పనిచేస్తున్న ఎముకల వైద్యుణ్ని. వెన్నెముక, నొప్పి చికిత్సల్లో పీజీ తర్వాతి ప్రత్యేక శిక్షణగా ఇస్తున్న ఫెలోషిప్పులలో ఏవి గుర్తింపు ఉన్నవో, ఏవి లేనివో జనానికీ, కొత్తగా పీజీ పూర్తి చేసిన వైద్యులకూ తెలిసేలా ఒక జాబితా ప్రకటించాలని కోరుతూ ఏడాదిన్నర కాలంలో మూడు విజ్ఞాపనలు ఇచ్చుకున్నాను. మూడింటి మీదా ఇన్‌వర్డ్ ముద్ర పడిన నకళ్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి కానీ, ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటి కాగితం ఏ సెక్షన్‌లో ఆగిందో కనుక్కుందామని ఒకరోజు ఓపీ మానుకొని వెళ్లి, మధ్యాహ్నం దాకా వరండాలో బల్ల మీద కూర్చుంటే, చివరికి ఇది తమ పరిధిలోకి రాదన్నారు. ఎవరి పరిధిలోకి వస్తుందో మాత్రం చెప్పలేదు. అక్కడి సిబ్బందిని నలుగురిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు గనుక ఆ కార్యాలయం పేరు రాయడం లేదు. ఇక మిగిలింది మీరేనన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

ఎంఎస్ ఆర్థో పూర్తయ్యాక వెన్నెముక శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందాలని కోరుకున్నాను. అందుకు నాకు కనిపించిన సరైన దారి దేశవ్యాప్తంగా వైద్య పరీక్షలు నిర్వహించే నేషనల్ బోర్డు వారి గుర్తింపు ఉన్న ఫెలోషిప్, ఎఫ్‌ఎన్‌బీ స్పైన్ సర్జరీ. 2 ఏళ్ల శిక్షణ, దేశమంతటికీ కలిపి ఒకే ప్రవేశ పరీక్ష, నెలనెలా స్టైపెండు, చివర బోర్డే నిర్వహించే పరీక్ష ఉంటాయని మీకు తెలియనిది కాదు. ఫెట్ అనే ఆ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాశాను, రెండుసార్లూ నా ర్యాంకు దాకా సీటు రాలేదు. అప్పటికి నాకు 32 ఏళ్లు, ఇంట్లో చంటిపాప, నా చదువు కోసం పొలం తాకట్టు పెట్టి నాన్న తెచ్చిన అప్పు. మూడోసారి రాసే ఓపిక నాకున్నా ఇల్లు ఆగే స్థితిలో లేదు. అందుకని నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "స్పైన్ అండ్ పెయిన్" ఫెలోషిప్‌లో 3 లక్షల రూపాయలు కట్టి చేరాను. గుర్తింపు ఉందా అని చేరేముందు అడిగాను. ఫైలు నడుస్తోందని, మా బ్యాచ్ బయటికి వచ్చేలోపు వచ్చేస్తుందని చెప్పారు. కాగితం మీద రాసివ్వమని అడగాలన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు.

ఆ ఏడాది ఎలా గడిచిందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా ఫిర్యాదంతా అందులోనే ఉంది. పొద్దున వార్డు రౌండు, ఆపైన క్యాజువాలిటీలో విరిగిన చేతులకూ కాళ్లకూ పిండికట్లు, రాత్రి డ్యూటీలు. ఫెలో అన్న పేరుతో నేను చేసింది రిజిస్ట్రారు పని, అంటే వార్డు చూసుకునే జూనియర్ డాక్టరు పని. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కింద నడుములో ఇంజెక్షన్ ఇస్తున్న గదిలోకి లెడ్ ఏప్రన్ వేసుకొని వెళ్లినా, గోడ పక్కన నిలబడి తెర మీద డై (ఎక్స్‌రేలో కనిపించే మందు) పాకడం చూడటమే తప్ప సూది నా చేతికి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. చేసిన పనులు నమోదు చేసుకోవడానికి మాకు ఇచ్చిన లాగ్‌బుక్‌లో ప్రతి పేజీలోనూ నాలుగు గడులు ఉండేవి: చూశాను, సాయపడ్డాను, పర్యవేక్షణలో చేశాను, స్వయంగా చేశాను. పదకొండు నెలల పాటు నా టిక్కులన్నీ దాదాపు మొదటి రెండు గడుల్లోనే పడ్డాయి. చివరి వారం సమన్వయకర్త ఆ పుస్తకాన్ని నా ముందు పెట్టి, సర్టిఫికెట్ కావాలంటే నాలుగో గడి కూడా నిండాలని, అందరూ ఇలాగే నింపుతారని చెప్పారు. నేను నింపాను. ఆ పేజీలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆ తర్వాత రెండేళ్లు ఒక సీనియర్ సర్జన్ గారి దగ్గర జీతం లేకుండా సహాయకుడిగా ఉండి, ఆ గడిలో రాసినవన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను. గుర్తింపు ఎప్పటికీ రాలేదు. అదనపు అర్హతగా నమోదు చేయాలని పెట్టుకున్న దరఖాస్తు, ఇది గుర్తింపు పొందిన అర్హత కాదన్న ఒక్క వాక్యంతో వెనక్కి వచ్చింది.

ఇదంతా నా సొంత నష్టమే అయితే ఈ లేఖ రాసేవాణ్ని కాదు. నిరుడు వానాకాలంలో నా ఓపీకి నలభై ఏళ్ల ఒక తల్లిని ఆమె కొడుకు ఆటోలోంచి ఎత్తుకొని లోపలికి తెచ్చాడు. జీడిమెట్ల వైపు ఇళ్లలో పనిచేసుకొని బతికే మనిషి. "సారూ, కాలు లేస్తలేదు, మూత్రం పోయింది సుత తెలుస్తలేదు" అన్నది. ఆమె చేతిలోని ప్లాస్టిక్ సంచిలో ఒకే క్లినిక్ చీటీలు మూడు ఉన్నాయి, రెండింటి మీద నడుములో ఇంజెక్షన్ ఇచ్చినట్టు రాసి ఉంది. కూర్చునే చోట మొద్దుబారుతోందని రెండో ఇంజెక్షన్‌కు ముందే ఆమె చెప్పిందట. వెన్నెముక అడుగున గుర్రపు తోకలా వేలాడే నరాల మీద జారిన డిస్క్ ఒత్తుకుంటోందనడానికి అంతకన్నా గట్టి హెచ్చరిక ఉండదు. ఆ మాట చెవిన పడ్డ వెంటనే ఎంఆర్‌ఐ తీయించి, ఆలస్యం లేకుండా ఆపరేషన్‌కు పంపించాలి. ఆమె మా దగ్గరికి వచ్చేసరికి నాలుగో రోజు. ఆపరేషన్ చేశాం. పాదం కొంత లేచింది గానీ మూత్రం మీద పట్టు పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ చీటీ మీద డాక్టరు పేరు పక్కన ఏముందో మీరు ఊహించగలరు. నా గోడ మీద వేలాడుతున్నదానిలాంటి ఫెలోషిప్పే. అతణ్ని దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. ఎప్పుడు సూది పట్టాలో అతనికి ఎవరో చూపించి ఉంటారు, ఎప్పుడు పట్టకూడదో నేర్పి పరీక్షించినవారు మాత్రం లేరు. ఇవి చిన్న ఇంజెక్షన్లే కదా అనుకోవడానికి వీల్లేదు. వెన్నుపాము పొర బయట ఇచ్చే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం, మరణం కూడా సంభవించాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లోనే హెచ్చరించింది. మెడ దగ్గర సూది మొన రక్తనాళంలోకి వెళ్లినట్టు గమనించకుండా, రేణువులున్న స్టెరాయిడ్ ఎక్కిస్తే, ఆ రేణువులే మెదడుకో వెన్నుపాముకో వెళ్లే రక్తాన్ని ఆపేయగలవు. ఈ సంగతి తెలియాలంటే శిక్షణ ఉండాలి, ఆ శిక్షణ నిజంగా జరిగిందో లేదో బయటివారు వచ్చి పరీక్షించాలి.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళిలోని 7.20 నిబంధన, ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేనివారు తాము ఆ విభాగపు నిపుణులమని చెప్పుకోకూడదంటోంది. అదే నియమావళిలోని 1.4.2 నిబంధన గుర్తింపు పొందిన డిగ్రీలతో పాటు, వృత్తి జ్ఞానాన్నిచ్చే సర్టిఫికెట్లనూ పేరు పక్కన పెట్టుకోవచ్చంటోంది. ఏ సర్టిఫికెట్ జ్ఞానాన్నిచ్చిందో తేల్చేది ఎవరు? 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చి, అదే నెలలో దాన్ని పక్కన పెట్టింది. అప్పటినుంచి మేము మళ్లీ ఆ 2002 వాక్యం నీడలోనే బతుకుతున్నాం, రోగులు కూడా.

గుర్తింపు లేనిదంతా చెడ్డదని నేను అనడం లేదు. నాకు నిజంగా పని నేర్పిన సీనియర్ సర్జన్ గారి దగ్గర ఏ బోర్డు గుర్తింపూ లేదు. వృత్తి సంఘాలు ఇచ్చే ఫెలోషిప్పుల్లో శ్రద్ధగా నేర్పేవి ఉన్నాయి. గుర్తింపు ఉన్న చోటా కుర్రవాళ్లతో చాకిరీ చేయించుకోవడం లేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. అమెరికాలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. అక్కడ పీజీ వైద్య శిక్షణకు గుర్తింపునిచ్చే సంస్థ ఏసీజీఎంఈ గుర్తింపు ఉన్న పెయిన్ మెడిసిన్ ఫెలోషిప్ ఏడాది పాటు ఉంటుంది, అందులో క్యాన్సర్ నొప్పి దగ్గర నుంచి మానసిక చికిత్స దాకా అన్నీ చూడాలి, ఆ విభాగంలో బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే అది తప్పనిసరి. ఏసీజీఎంఈ గుర్తింపు లేనివి వెన్నెముక ఇంజెక్షన్ల మీద, కీళ్లు, కండరాల మీద ఎక్కువ దృష్టి పెడతాయి, వాటిలో కొన్నింటికి నార్త్ అమెరికన్ స్పైన్ సొసైటీ అనే వృత్తి సంఘం తన ప్రమాణాల ప్రకారం గుర్తింపునిస్తోంది. అక్కడ చేరే వైద్యుడికి దేన్ని వదులుకొని దేన్ని ఎంచుకుంటున్నాడో చేరకముందే తెలుస్తుంది. ఇక్కడ మాకు డబ్బు కట్టి, ఏడాది పోయాక తెలుస్తోంది.

మంత్రి గారూ, జాతీయ స్థాయి నియమాలు మీ చేతిలో లేవని నాకు తెలుసు. కానీ రాష్ట్రంలో ఏ ఆసుపత్రి ఏ పేరుతో ఫెలోషిప్ నడుపుతోంది, దానికి ఎవరి గుర్తింపు ఉంది, ఎంత ఫీజు, ఎంత స్టైపెండు అన్నది ఒక పట్టికలో పెట్టి జనం ముందు ఉంచడానికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు కదా! కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం రాష్ట్రానిదే. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ రాష్ట్రానివే. నడుము నొప్పితో ఆ ఓపీల ముందు తెల్లవారకముందే నిలబడే జనం మనవాళ్లే. అక్కడే వెన్నెముకకూ నొప్పికీ గుర్తింపు ఉన్న శిక్షణ సీట్లు పెంచితే, పొలం తాకట్టు పెట్టి వచ్చిన నాలాంటివాడు 3 లక్షలు పట్టుకొని ప్రైవేటు గుమ్మం ఎక్కాల్సిన పని ఉండదు. గుర్తింపు లేని చోట కూడా లాగ్‌బుక్‌ను బయటి పరీక్షకుడు చూసి సంతకం పెట్టాలన్న ఒక్క షరతు విధించండి. ఆ ఒక్కటి ఉండి ఉంటే నేను ఆ నాలుగో గడి నింపేవాణ్ని కాదు. పట్టిక గురించే మళ్లీ అడుగుతున్నాను, మూడు విజ్ఞాపనల్లోనూ అడిగింది అదే. ముందు ఆ పట్టిక ఇవ్వండి.

మా కాలేజీలో నాకు జూనియర్ అయిన ఒక కుర్రవాడు నిన్న ఫోన్ చేశాడు. ఫెట్‌లో సీటు రాలేదట. ఒక ఆసుపత్రివారు ఈ నెలాఖరులోగా ఫీజు కడితే చేర్చుకుంటామన్నారట, గుర్తింపు ఫైలు నడుస్తోందని కూడా చెప్పారట. "అన్నా, కట్టమంటావా?" అని అడిగాడు. రెండు రోజుల్లో చెబుతానన్నాను. ఈలోగా మీ శాఖ నుంచి ఎవరైనా నాకు ఫోన్ చేసి, ఆ ఫైలు నిజంగా ఎక్కడైనా ఉందో లేదో చెప్పగలిగితే, వాడికి అదే చెబుతాను.

భవదీయుడు,
ఒక ఎముకల వైద్యుడు,
హైదరాబాదు