బాక్సులు చిరిగే గోల వేరు, హార్డ్‌కోర్ వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టెక్నో, అంటే డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లతో కట్టే డాన్సు సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. డెట్రాయిట్ గురించి, బెర్లిన్ గురించి బాగా రాశారు. అందులోనే బాగా వేగంగా, గట్టిగా ఉండే హార్డ్‌కోర్ టెక్నో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరేగింపుల్లో డీజే బాక్సులు పెట్టే గోల లాంటిదని ఒక్క ముక్కలో తేల్చేశారు. పాలకొల్లు చుట్టుపక్కల ఆ బాక్సులు అద్దెకిచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ని. మమ్మల్నీ, ఆ సంగీతాన్నీ ఒకే దెబ్బకి కొట్టేశారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ పాటలు నాకు తెలియడానికి కారణం మా అక్క కొడుకు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఓడరేవులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, “మావయ్యా, ఇది నీ పెద్ద బాక్సుల్లో ఒకసారి వెయ్యవా” అన్నాడు. మొదటి పాట అందుకోగానే నా చెయ్యి దానంతటదే మిక్సర్ మీదికి పోయింది. మా పనిలో ఆ గరగర వినబడిందంటే స్పీకర్ కోన్ చిరిగినట్టో, యాంప్లిఫయర్ చేతులెత్తేసినట్టో లెక్క. వాడు నవ్వి, “నీ బాక్సులు బానే ఉన్నాయి మావయ్యా, పాటే అంత” అన్నాడు.

ఆ గరగరే ఈ సంగీతానికి ప్రాణం. రోలండ్ కంపెనీ 1983లో తెచ్చిన టీఆర్-909 అనే డ్రమ్ మెషీన్‌లో బేస్ డ్రమ్ దెబ్బ ధబ్బున పడి వెంటనే ఆరిపోతుంది. దాన్ని మిక్సర్‌లోనో, డిస్టార్షన్ పెట్టెలోనో పట్టనంత గట్టిగా తోస్తే ఆరిపోకుండా వెనక ఒక తోక సాగుతుంది. ఆ తోకకి శ్రుతి ఉంటుంది. శ్రుతి ఉందంటే పైకీ కిందికీ జరిపి వరస కట్టొచ్చు. మనవాళ్లు డప్పుని మంట దగ్గర కాచి బిగించేది కూడా శ్రుతి కోసమే కదండీ. హార్డ్‌కోర్‌లో ఆ ఒక్క దెబ్బే తాళమూ, బేసూ, చాలా చోట్ల రాగమూ అయిపోతుంది. పాట వేగం నిమిషానికి 160 దెబ్బల నుంచి మొదలై 200 వరకూ, ఒక్కోసారి ఆపైకీ పోతుంది.

అయితే ఆ గరగర పాటలో ఉండాలి గానీ యాంప్లిఫయర్‌లో ఉండకూడదు. మామూలు సినిమా పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య స్పీకర్ కాయిల్‌కి కాస్త విరామం దొరుకుతుంది. ఇక్కడ సిగ్నల్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. లెవెల్ తగ్గించి వెయ్యకపోతే కాయిల్ మాడిపోతుంది. వ్యాసం రాసినాయన ఊరేగింపులో విన్నది, యాంప్లిఫయర్ మీద ఎర్ర లైటు వెలుగుతున్నా వాల్యూమ్ పెంచుకుంటూ పోతే వచ్చే చప్పుడు అయ్యుంటుంది. దానికి ఏ పాటైనా ఒకటే.

ఇక చరిత్ర. 1990లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్క్ ట్రౌనర్ అనే కుర్రాడు ‘మెస్కలినమ్ యునైటెడ్’ పేరుతో ‘వీ హ్యావ్ అరైవ్డ్’ చేశాడు. హార్డ్‌కోర్ మొదటి పాట ఏదంటే ఎక్కువమంది చూపించేది దాన్నే. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో లెనీ డీ అనే డీజే ‘ఇండస్ట్రియల్ స్ట్రెంగ్త్’ అనే రికార్డు కంపెనీ పెట్టి, మొదటి రికార్డుగా దాన్నే విడుదల చేశాడు. ఆ 1991లోనే సెకండ్ ఫేజ్ వారి ‘మెంటాజమ్’, హ్యూమన్ రిసోర్స్ వారి ‘డామినేటర్’ వచ్చాయి. వాటిలో వాక్యూమ్ క్లీనర్ ఏడ్చినట్టుండే సింథసైజర్ మోతని ‘హూవర్’ అంటారు. రోలండ్ వారి ఆల్ఫా జూనో అనే సింథసైజర్ నుంచి పుట్టింది అది. మొదట్లో నాకు చిరాకేసింది, ఇప్పుడు అది లేని పాట చప్పగా ఉంటోంది.

అసలు సందడి రోటర్‌డామ్‌లో. ఓడరేవు, ఫ్యాక్టరీలు, కూలిపని చేసేవాళ్లు ఉన్న ఊరు. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల నాజూకు అంటే వీళ్లకి పడదు, ఫుట్‌బాల్ గొడవలు సరేసరి. 1992లో అక్కడి డీజే పాల్ ఎల్‌స్టాక్ ‘రోటర్‌డామ్ రికార్డ్స్’ అనే కంపెనీ మొదలుపెట్టి, యూరోమాస్టర్స్ పేరుతో వదిలిన పాట మకుటమే ‘ఆమ్‌స్టర్‌డామా, అదెక్కడుంది?’ అని. దాని కవరు మీద రోటర్‌డామ్ టవర్ ఆమ్‌స్టర్‌డామ్‌ని చేస్తున్న పని పేపర్లో రాసేది కాదు. అక్కడి నుంచి ఈ సంగీతానికి ‘గాబర్’ అన్న పేరు స్థిరపడింది. గుండు, ట్రాక్‌సూట్, ఎయిర్ మాక్స్ బూట్లు, నేలని తన్నుతున్నట్టుండే ‘హాకెన్’ డాన్సు. అదే ఏడాది రోటర్‌డామ్ టెర్మినేషన్ సోర్స్ వారి ‘పోయింగ్’ వచ్చింది. డ్రమ్ దెబ్బ, స్ప్రింగు ఎగిరినట్టు ఒక చప్పుడు, దాదాపు అంతే పాట. అది చార్టుల్లోకీ ఎక్కింది! అక్టోబరులో హీరెన్‌వీన్ ఊళ్లోని తియాల్ఫ్ ఐస్ స్కేటింగ్ హాల్లో మొదటి ‘థండర్‌డోమ్’ డాన్సు పార్టీ జరిగింది. ఆ పేరుతో వచ్చిన సీడీల మీద దేశమంతా మోత.

1995లో ఇదే ఎల్‌స్టాక్ ‘రెయిన్‌బో ఇన్ ద స్కై’ అని ఆడగొంతుతో, తియ్యటి వరసతో పాట చేశాడు. పాత అభిమానులు అమ్ముడుపోయాడని తిట్టారట. నాకు మాత్రం అది నచ్చింది, మా ఇంట్లోవాళ్లు కూర్చుని వినే ఒకే ఒక్క గాబర్ పాట అదే. మోబీ అనే అమెరికా సంగీతకారుడు 1993లో చేసిన ‘థౌజండ్’ నిమిషానికి వెయ్యి దెబ్బలు దాటి గిన్నిస్ బుక్కులోకెక్కింది. అది ముచ్చటే గానీ పాటగా నిలవదు.

కొత్త సంగీతం అంటే పోలీసులకి టెన్షన్ అన్ని దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండ్‌లోని క్యాసిల్‌మార్టన్‌లో 1992లో ఆరుబయట రోజుల తరబడి జరిగిన రేవ్ పార్టీ తర్వాత, అలాంటివాటిని ఆపడానికి బ్రిటన్ 1994లో చట్టం తెచ్చి, అందులో ‘వరసగా పదే పదే పడే దెబ్బలు’ ఉన్నదాన్నీ సంగీతం కిందే కలిపి రాసింది. ఆ లెక్కన మన గరగ నృత్యం, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల దగ్గర మోగే తాషాలు కూడా కేసుల్లో ఇరుక్కుంటాయి.

మీ పాఠకుల్లో ఎవరికైనా వినాలనిపిస్తే ‘మెంటాజమ్’తో మొదలుపెట్టి, ‘వీ హ్యావ్ అరైవ్డ్’ విని, ఆ తర్వాత యూరోమాస్టర్స్‌కి వెళ్లమనండి. అదే మార్క్ ట్రౌనర్ 1997లో మార్షల్ మాస్టర్స్ పేరుతో చేసిన ‘ఐ లైక్ ఇట్ లౌడ్’ ఆఖర్న వింటే మనిషి ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది. మంచి హెడ్‌ఫోన్స్ చాలు, సౌండ్ సగానికే పెట్టుకోండి. పెళ్లి ఊరేగింపులో వెయ్యమని మాత్రం నన్ను అడగొద్దు. రాత్రి పది దాటితే నేను ఏ పాటా వెయ్యను, పది లోపు కూడా ఇది వెయ్యను. పెళ్లికూతురి తాతగారు కూడా బండి వెనకే నడుస్తుంటారు కదండీ.

ఇట్లు,
ఒక సౌండ్ సర్వీస్ యజమాని, పాలకొల్లు