సాంస్కృతిక విభాగం వార్షిక నివేదిక 2025–26: బి. సరోజాదేవి స్మృతిలో

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 జూలై 14న సినీనటి బి. సరోజాదేవి గారు బెంగళూరులో కన్నుమూశారు. ఆమెకు 87 ఏళ్లు. కన్నడిగులకు ఆమె ‘అభినయ సరస్వతి’. తమిళులు ‘కన్నడత్తు పైంగిళి’ అని, అంటే కన్నడదేశపు చిలక అని పిలుచుకున్నారు. మనకేమో జయంతి, మండోదరి, శకుంతల. బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ల సంఘం కనుక, ఈ ఏడాది విభాగం పనిలో ఎక్కువ భాగం ఆమె పేరు మీదే జరగాలని కార్యవర్గం తీర్మానించింది. ఫొటోకు దండ వేసి నాలుగు పాటలు పాడించి ముగించడం మాకు ఇష్టం లేకపోయింది. పాట పాడిస్తే గాయని గుర్తుకొస్తుంది. సరోజాదేవి గుర్తుకు రావాలంటే ఆమె కళ్లు, చేతులు, నడక కనబడాలి. అందుకని ఒకే సినిమాను తీసుకుని ప్రదర్శన, నృత్యం, బేలూరు యాత్ర మూడింటినీ దానికే ముడిపెట్టాం.

ఆ సినిమా ‘అమరశిల్పి జక్కన’, బేలూరు గుడిని చెక్కాడని జనం చెప్పుకునే శిల్పి కథ. దాన్నే ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలంటే ఆమె ప్రస్థానం కొంచెం తిరగేయాలి. ఆమెను నాట్యం నేర్చుకోమని ప్రోత్సహించింది తండ్రి భైరప్ప గారు. 1955లో హొన్నప్ప భాగవతార్ ఆమెను కన్నడ ‘మహాకవి కాళిదాస’తో తెరకు పరిచయం చేశారు. 1957లో ‘పాండురంగ మహత్యం’లో కళావతిగా తెలుగుకు వచ్చారు. అదే ఏడాది తమిళ ‘తంగమలై రహస్యం’లో ఒక పాటకు నర్తించారు. 1958లో ఎం.జి.ఆర్. సరసన ‘నాడోడి మన్నన్’, 1959లో హిందీ ‘పైగామ్’. అయిదేళ్లు తిరక్కుండా నాలుగు భాషలు! ఇక 1961 సంగతి చూడండి. కన్నడలో కత్తి పట్టిన కిత్తూరు చెన్నమ్మ, తెలుగులో ‘సీతారామ కల్యాణం’ మండోదరి, ‘జగదేకవీరుని కథ’లో ఇంద్రుడి కూతురు జయంతి, మూడూ ఆమే. రాణికి ఒక నడక, రావణుడి ఇల్లాలికి ఒక నడక, దేవకన్యకు మరొకటి. ఆమె అభినయం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మూడు పాత్రలనూ పక్కపక్కన చూపిస్తే చాలు.

1964లో బి.ఎస్. రంగా తీసిన ‘అమరశిల్పి జకణాచారి’ కన్నడంలో పూర్తి నిడివి తొలి రంగుల చిత్రం. అదే కథ తెలుగులో ‘అమరశిల్పి జక్కన’ అయింది. శిల్పిగా అక్కడ కల్యాణ్‌కుమార్, ఇక్కడ అక్కినేని. నాట్యకత్తె మాత్రం రెండింటిలోనూ సరోజాదేవే. ఒకే నటి, ఒకే కథ, రెండు భాషలు. కన్నడం, తెలుగు రెండూ వినబడే మన వీధులకు ఇంతకంటే తగిన సినిమా మాకు తోచలేదు. పద్మశ్రీ (1969), పద్మభూషణ్ (1992) ఆ తర్వాతి సంగతులు.

ప్రదర్శనకు ముందు హక్కుల సంగతి తేల్చుకున్నాం. ఇతర సంఘాలు కూడా ఇదే అడుగుతున్నాయి కనుక వివరంగా రాస్తున్నాం. మన చట్టం ప్రకారం సినిమాకు, ధ్వనిముద్రణకు కాపీరైట్ విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. 1964 చిత్రానికి 2024 డిసెంబరు 31తో అది తీరిపోయింది. ఇక అడ్డేమీ లేదనుకుంటే మాత్రం పొరపాటు. సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు: కర్త మరణించాక 60 ఏళ్లు. సంగీతం కూర్చిన సాలూరి రాజేశ్వరరావు 1999లో, ‘ఈ నల్లని రాలలో’ రాసిన సి. నారాయణరెడ్డి 2017లో గతించారు కనుక ఆ పాట హక్కులు ఇంకా బతికే ఉన్నాయి. టికెట్ లేకుండా ఔత్సాహిక సంఘాలు వేదిక మీద ప్రదర్శిస్తే 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. టికెట్ పెడితే లైసెన్సు తీసుకోవాల్సిందే. అందుకే ప్రవేశం ఉచితంగా ఉంచాం. ఆ వెసులుబాటు సభ వరకే. నృత్యం వీడియోను యూట్యూబ్‌లో పెట్టడానికి అది పనికిరాదు. తల్లిదండ్రులు ఎంత అడిగినా వీడియోలు పెట్టకపోవడానికి కారణం ఇదే, మన్నించాలి.

హాల్లో ఎక్కువ చిక్కు పెట్టింది బొమ్మ ఆకారం. ఆనాటి బొమ్మ దాదాపు 4:3. ఇప్పటి ప్రొజెక్టర్లు 16:9. ‘ఫుల్’ నొక్కితే మనుషులు అడ్డంగా సాగుతారు. ‘జూమ్’ నొక్కితే ఎత్తులో పావు వంతు తెగిపోతుంది, నృత్య సన్నివేశంలో ముందుగా పోయేవి నర్తకి పాదాలే. 4:3లోనే ఉంచి, రెండు పక్కలా నల్ల పట్టీలు కనబడితే కనబడనివ్వాలి. శబ్దం మోనో కనుక రెండు స్పీకర్లకూ ఒకటే పంపి, సరౌండ్ లాంటివన్నీ ఆపేస్తే మాట తేటగా వినిపిస్తుంది.

తెర మీది నాట్యాన్ని వేదిక మీదికి తేవడమే ఈ ఏడాది అసలు కష్టం. సినిమా నృత్యం షాట్ల కూర్పు. కెమెరా ముఖం దగ్గరికి వెళ్లినప్పుడు కాళ్లకు పని లేదు. వేదిక మీద అదే చరణంలో నర్తకి కదలకుండా కళ్లు తిప్పితే పదో వరుసకు ఏమీ అందదు. అందుకని పిల్లలకు ముందు పాటను శబ్దం లేకుండా చూపించి, ఏ ఆవర్తనంలో (తాళం ఒక చుట్టులో) కాళ్లు కనబడుతున్నాయి, ఎక్కడ చేతులే ఉన్నాయి, ఎక్కడ ముఖమే ఉంది అని కాగితం మీద గుర్తు పెట్టించాం. ముఖం మాత్రమే ఉన్న చోట్ల గురువుగారు కూచిపూడి అడుగులు కొత్తగా కూర్చారు. ఇది సినిమా నృత్యానికి నకలు కాదని కరపత్రంలో స్పష్టంగా వేశాం.

రెండో చిక్కు వాద్యఖండాలు. సినిమా సంగీతంలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యం ఒక్కోసారి అర ఆవర్తనం దగ్గరే ఆగిపోతుంది. లెక్కపెట్టకుండా తీర్మానం (ముగింపు అడుగుల వరుస) కూర్చితే చివరి దెబ్బ చరణం మొదటి మాట మీద పడుతుంది. మూడోది శ్రుతి. పాత టేపుల నుంచి ఎక్కించిన కాపీలు వేగంలో తేడా ఉండి శ్రుతి కొద్దిగా పైకో కిందికో జరిగి ఉంటాయి. రికార్డుతో పాటు తంబురా పెట్టెను కూడా వేస్తే అపస్వరం తప్పదు. పెట్టెనే సెంట్ల (శ్రుతిలో చిన్న తేడాలను కొలిచే కొలత) లెక్కన రికార్డుకు జత చేయాలి, లేదా రికార్డు మానేసి గాయనిని కూర్చోబెట్టాలి. రెండోదే మేలు అని మా అనుభవం. సుశీల గారి స్థాయి అందనివాళ్లు ఒక మెట్టు దించుకుని హాయిగా పాడగలరు.

నేల గురించి తల్లిదండ్రులు తప్పక చదవండి. సిమెంటు మీద తివాచీ పరిస్తే మెత్తగా ఉందనిపిస్తుంది కానీ మడమకూ మోకాలికీ దెబ్బే. చెక్క బద్దలు పరిచి వాటి మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే కింద గాలి ఉండి అడుగు దెబ్బను పలక మింగుతుంది, శబ్దమూ నిండుగా వస్తుంది. పలకల అతుకుల మీద టేపు అంటించకపోతే బొటనవేలు ఇరుక్కుంటుంది. చిన్నపిల్లలకు కాలికి 50 గజ్జెలు చాలు. తాడు కుట్లు ప్రతి ప్రదర్శనకు ముందు లాగి చూడండి. ఊడిపడిన ఒక్క గజ్జె తర్వాత వచ్చే నర్తకి అరికాలిని చీరేస్తుంది. అందుకే అంశానికీ అంశానికీ మధ్య వేదిక ఊడ్పించాం.

బేలూరు ఇక్కడికి సుమారు 220 కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదుకే బయలుదేరాలి. లోపల చెప్పులు లేవు, పది దాటాక ప్రాకారంలోని రాళ్లు కాలుతాయి కనుక సాక్సులు వెంట ఉండాలి. విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించిన చెన్నకేశవాలయంలో మదనికలు, అంటే రకరకాల భంగిమల్లో నిలిచిన సుందరుల శిల్పాలు, 42. చూరు కింద బయట 38, నవరంగం అనే మండపం లోపల 4. కన్నడంలో ‘బలపద కల్లు’ అనే మెత్తని రాయి అది, మన బలపమే. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుంది కనుకే గాజుల సందుల్లోకి కూడా ఉలి దూరింది. పిల్లలను దర్పణ సుందరి కింద నిలబెట్టి నడుము ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది అని అడిగాం. అద్దం చూసుకుంటున్న ఆ తల వాలు చూశాక సినిమాలోని భంగిమలు వాళ్లకు వేరేగా కనబడ్డాయి. విష్ణువర్ధనుడి రాణి శాంతల స్వయంగా నర్తకి. జక్కన పేరు జనం నోట నిలిచిందే తప్ప, రాతి మీద చెక్కి ఉన్న పేర్లు బళ్లిగావి దాసోజ, ఆయన కొడుకు చావణ. జక్కన కథలోనూ తండ్రీకొడుకులే, శాసనంలోనూ తండ్రీకొడుకులే. వచ్చే ఏడాది పాలంపేట రామప్ప గుడి (1213) మదనికలను చూపించాలని ఉంది. నల్లరాతిలో సన్నగా, పొడుగ్గా సాగిన ఆ నర్తకులను బేలూరు తర్వాత చూస్తేనే తేడా తెలుస్తుంది.

సరోజాదేవి గారి కళ్లను దానం చేశారు. ఆ స్ఫూర్తితో నేత్రదాన పత్రాలు నింపే శిబిరం పెట్టాం. పత్రం నింపినా ఇంట్లోవాళ్లకు తెలియకపోతే ఫలితం లేదు. మరణించిన 6 గంటల్లోగా కంటి బ్యాంకు వాళ్లు రావాలి. ఈలోగా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తలకింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచాలి. కళ్లద్దాలు వాడినవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు కూడా ఇవ్వవచ్చు.

ఉగాది సంబరాలు, గ్రంథాలయం ఎప్పటిలాగే నడిచాయి. ఆడిటైన లెక్కలు విడిగా జతచేశాం.

సభ్యులకు ఒక మనవి. ఆ రోజుల్లో సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు మీ ఇళ్లలో ఉంటే స్కాన్ చేసుకోవడానికి ఇప్పించండి. తెలుగువైనా, కన్నడవైనా సరే. లామినేషన్ చేయించవద్దు, చిరుగులకు సెలోటేపు వేయవద్దు. తుప్పు పట్టిన పిన్నులను మీరు తీయబోతే కాగితం చిరుగుతుంది, అలాగే తెండి. మీ ముందే స్కాన్ చేసి చేతికిస్తాం.

సాంస్కృతిక విభాగం
కార్యవర్గం తరఫున