గుండె ఆగినా చేతులు ఆపనివాళ్లకు

షటిల్ కోర్టు మిత్రులందరికీ నమస్కారం.

మన కోర్టులో గుండె ఆగి కూలిపోయిన మా ఆయన ఇంటికొచ్చేశారు. నడుస్తున్నారు, తింటున్నారు, టీవీ రిమోట్ కోసం పిల్లలతో గొడవ కూడా పడుతున్నారు. డిశ్చార్జి రోజు డాక్టరుగారికి దండం పెట్టబోతే ఆయన వారించారు. "స్టెంట్ వేసింది నేనేనమ్మా. కానీ వేయడానికి మనిషంటూ ఉండాలి కదా! ప్రాణంతో నా దాకా చేర్చింది ఆ కోర్టులో ఉన్నవాళ్లు. ముందు వాళ్లకు చెప్పండి" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి దండం పక్క కోర్టులో ఆడుతున్న ఆ అబ్బాయికి. ఆయన కూలిపోగానే చుట్టూ జనం మూగారు. ఒకరు మొహాన నీళ్లు చల్లుతున్నారు, ఇంకొకరు తాగించబోతున్నారు. ఆ అబ్బాయి అందరినీ తప్పించుకుని వచ్చి, రెండు భుజాలూ తట్టి "అంకుల్, అంకుల్" అని గట్టిగా పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. ఉన్నట్టుండి ఆయన నోరు తెరుచుకుని గురకలాంటి చప్పుడొచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. "ఊపిరి ఆడుతోంది, కాస్త ఆగు బాబూ" అన్నారెవరో. "అది ఊపిరి కాదండీ" అంటూ వాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఆ ఒక్క మాటకే మా కుటుంబం వాడికి రుణపడిపోయింది. గుండె ఆగిన కొత్తలో చాలామందికి అలాంటి ఎగశ్వాస వస్తుందట. చూసినవాళ్లు శ్వాస ఉందనుకుని ఊరుకుంటారు. ఛాతీ నొక్కకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుందని తర్వాత తెలిసింది.

వాడు "ఎవరైనా ఫోన్ చేయండి" అనలేదు. "ఎర్ర టీషర్ట్ అన్నా, మీరు అంబులెన్స్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. వాచ్‌మన్ గారూ, కింద గోడకున్న ఏఈడీ పెట్టె పట్టుకురండి" అన్నాడు. ఏఈడీ అంటే లయ తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే మిషన్. ఎవరి పని వాళ్లకు తెలిసిపోయింది. ఛాతీ నడిమధ్యన అరచేతి మడమ ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా పైకి లెక్కపెడుతూ నొక్కడం మొదలెట్టాడు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. లేకపోతే గుండెలోకి మళ్లీ రక్తం చేరదు. ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు మాత్రం ఈ మనిషిని ఇలా కుమ్మేస్తున్నాడేంటి దేవుడా అనిపించింది.

బాబూ, పక్కటెముకలు విరిగాయని నువ్వు ఆస్పత్రికొచ్చి క్షమాపణ అడిగావు. సరిగ్గా నొక్కినా అవి విరగడం మామూలేనట, అతుక్కుంటాయట. "తుమ్మొచ్చినప్పుడల్లా వాడే గుర్తొస్తున్నాడు" అని మీ అంకుల్ నవ్వుతున్నారు. నవ్వితే కూడా నొప్పేననుకో.

మధ్యలో చెయ్యి మార్చిన చెల్లెమ్మకు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నొక్కేవాడికి తెలియకుండానే అలసటతో లోతు తగ్గిపోతుంది కాబట్టి, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. నువ్వు "ఇక నేను" అని పక్కన సిద్ధంగా కూర్చోవడం, తాళం తప్పకుండా అందుకోవడం నా కళ్లారా చూశాను. ఫోన్లో మీతోపాటే లెక్కపెట్టిన ఆ అంబులెన్స్ గొంతెవరిదో గానీ, ఆ గొంతుకూ నా నమస్కారం.

వాచ్‌మన్ గారు మెట్లు దిగి ఎక్కిన వేగం ఆయన వయసుకు తగింది కాదు! పెట్టె తెరవగానే అదే మాట్లాడుతూ ఏం చేయాలో చెప్పింది. ఒళ్లంతా చెమట, షాక్ ఇవ్వడానికి ఛాతీకి అంటించే ప్యాడ్లు అంటుకోవు. ఎవరో తువ్వాలుతో ఛాతీ తుడిచారు. కుడి కాలర్ ఎముక కింద ఒకటి, ఎడమ చంక కిందుగా పక్కకు ఒకటి అంటించారు. షాక్ అవసరమా కాదా అని మిషనే గుండె లయ చూసి తేల్చుకుంటుంది, అక్కర్లేని మనిషికి ఇవ్వదు. షాక్ తర్వాత కూడా వీళ్లు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోలేదు, వెంటనే మళ్లీ నొక్కారు.

డాక్టరుగారు చెప్పింది కూడా కాస్త రాస్తాను. రక్తనాళం మూసుకుపోతే గుండెపోటు. అందులో మనిషికి స్పృహ ఉండొచ్చు, మాట్లాడొచ్చు. అలాంటివాళ్ల ఛాతీ నొక్కకూడదు, వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఆ పోటువల్ల లయ తప్పి గుండె ఊరికే వణుకుతూ రక్తం పంపడం మానేస్తే అది కార్డియాక్ అరెస్ట్. మా ఆయనకు జరిగింది ఈ రెండోది. అంతకుముందు కొన్నాళ్లుగా మెట్లెక్కితే దవడ లాగేది, కూర్చుంటే తగ్గేది. గ్యాస్ అని ఆయనే తేల్చేసి మాత్ర మింగేవారు. శ్రమ పడితే వచ్చి, ఆగితే తగ్గే ఇబ్బంది దవడలోనైనా చేతిలోనైనా ఛాతీలోనైనా గ్యాస్ ఖాతాలో వేయొద్దన్నారు డాక్టరుగారు.

ఇక ఆ అబ్బాయికి నేర్పిన నర్సు మేడమ్ గారు. సెలవు రోజుల్లో క్లాసులు చెబుతారట. మేమూ వెళ్లి నేర్చుకున్నాం. అక్కడ నేర్చుకోవడానికి పెట్టిన మనిషి బొమ్మ ఛాతీ సరిపడా నొక్కితే టిక్‌మంటుంది. ఆ టిక్ రావడానికి ఎంత బలం కావాలో అప్పుడు తెలిసింది, చీర కొంగు దోపుకుని మరీ నొక్కాను. ఇలా ఛాతీ నొక్కే పద్ధతిని 1960లో అమెరికాలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు లోకానికి చెప్పారని మేడమే చెప్పారు. కుక్కల మీద షాక్ ప్రయోగాలు చేస్తుంటే, షాక్ ఇచ్చే పలకలను (ప్యాడిల్స్‌ను) ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు పెరగడం నికర్‌బాకర్ గమనించాడట. ఆ చిన్న సంగతిని పట్టించుకోకుండా వదిలేసి ఉంటే! బొమ్మను తయారుచేసింది ఆస్మండ్ లేర్డాల్ అనే నార్వే బొమ్మల వ్యాపారి. వీళ్లకు కూడా ఈ పూట మా ఇంట్లో దండాలే.

మేడమ్ వచ్చే ఆదివారం మన కోర్టుకే వచ్చి నేర్పుతానన్నారు. కుర్చీలు, కాఫీలు నావి. మా ఆయన కూడా వస్తారట. కాకపోతే ఎవరూ తన మీద ప్రాక్టీస్ చేయకూడదని ముందే షరతు పెట్టారు. బతికున్న మనిషి మీద ఎలాగూ చేయకూడదండీ, బొమ్మలు తెస్తున్నారు అన్నా నమ్మకం కుదరడం లేదు.