మీ నాయన జెటార్ సంగతి

హైదరాబాద్

బావా,

నీ ఉత్తరం అందింది. మీ నాయన హెచ్ఎంటీ జెటార్ ట్రాక్టర్‌ని లారీ మీద రాజేంద్రనగర్ ప్రదర్శనకి తెస్తున్నావని చదివి ఇంట్లో అందరికీ చెప్పేశా. హర్యానాలోని పింజోర్ ఫ్యాక్టరీలో 1971లో తయారీ మొదలైన ఆ రకం బండిని మా పిల్లలు ఫొటోలో కూడా చూడలేదు.

కానీ సెల్ఫ్ స్టార్టర్ పట్టట్లేదని, కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో దాని రెండు టెర్మినళ్లు కలిపి స్టార్ట్ చేస్తున్నానని రాశావు చూడు, అక్కడ నా గుండె జారిపోయింది. నువ్వు నిలబడేది ఎక్కడరా? ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య. అలా కలిపితే తాళం చెవి, క్లచ్, గేరు దేనితోనూ పనిలేకుండా ఇంజన్ తిరిగేస్తుంది. గేర్లో ఉందనుకో, బండి కదులుతుంది, వెనక టైరు నీ మీదికే వస్తుంది. నువ్వు పక్కకి దూకినా ఎదురుగా ఉన్న జనం ఏం గాను? ఆ సెల్ఫ్ బాగు చేయించాకే తీసుకురా. లేదంటే స్టార్ట్ చేయకుండా నిలబెట్టి చూపించు, అందులో నామోషీ ఏం లేదు.

ఇంజన్ బలాన్ని వెనక పనిముట్లకి అందించే పీటీవో షాఫ్ట్‌కి మూత కూడా లేదన్నావు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకి తొమ్మిది. చున్నీ కొస తగిలిందంటే చెయ్యి వెనక్కి లాక్కునే టైముండదు. షాఫ్ట్ ఊడదీసి ఇంటి దగ్గరే పెట్టు, మిగిలిన ముక్కకి మూత బిగించు. నాగలి కూడా తెస్తే నేలకి దించే పెట్టు. ఇంజన్ ఆగి ఉన్నా ఎవడో పిల్లాడు హైడ్రాలిక్ లివర్ కిందికి నెట్టాడంటే అది దభీమని పడుతుంది. సెల్ఫీల కోసం మడ్‌గార్డు ఎక్కేవాళ్లు ఎలాగూ ఉంటారు, కాబట్టి చుట్టూ తాడు కట్టాల్సిందే. చక్రాల కింద చెక్కదిమ్మలు వెయ్యి. మంటలార్పే సిలిండర్ ఒకటి పక్కనుంచు. 2019 జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ ఎలా తగలబడిందో తెలుసుగా.

"ఏదన్నా అయితే నిర్వాహకులే చూసుకుంటారు" అని రాశావు. అంత తేలిగ్గా తేలదురా. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో బండి వాడాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. ఆ చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే రోడ్డొక్కటే కాదు, జనానికి వచ్చే హక్కున్న చోటల్లా. పాలసీలో పొలం పనికే అని ఉంటే ప్రదర్శనకి వర్తిస్తుందో లేదో కంపెనీని అడిగి కాగితం మీద రాయించుకో. నోటిమాట పనికిరాదు. నిర్వాహకుల పాలసీలో బండ్లు తెచ్చినవాళ్లు కూడా ఉన్నారేమో కనుక్కో. యంత్రం దగ్గర అజాగ్రత్తకి భారతీయ న్యాయ సంహిత 289వ సెక్షన్ ఉంది, ప్రాణం పోతే 106వది. ఆ కేసు నీ మీద పడితే ఇన్సూరెన్స్ వచ్చి ఆపదు. "ముట్టుకోవద్దు, మా బాధ్యత కాదు" అని బోర్డు పెట్టినంత మాత్రాన బయటపడవు.

ఆర్సీ, పాలసీ రెండూ ఫొటో తీసి పంపు, నేనూ చూస్తా. లారీ దింపేటప్పుడు నేను ఉంటా. అత్తమ్మని అడిగానని చెప్పు, కుదిరితే ఒక సీసా గోంగూర పచ్చడి కూడా.

నీ బావ