రెండు కాసులు, పిడికెడు బియ్యం

సంపాదకులకు,

అయ్యా,

డిసెంబరు మొదలైనప్పటి నుంచి ఈస్టరు వెళ్లేదాకా పత్రికల జిల్లా పేజీల్లో క్రైస్తవ సంఘాల వార్తలు తరచుగా కనిపిస్తాయి. కొత్త మందిర ప్రతిష్ఠ, మైదానంలో మూడు రోజుల మహాసభలు, నాయకులు కోసే భారీ కేకు, వేదిక వెనుక ఎల్‌ఈడీ తెర, ఊరి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీలు. జనం గుమిగూడిన చోటికే విలేకరి వెళతాడు కాబట్టి వీటిని రాయవద్దని నేను అనను. నా ఫిర్యాదు పత్రికల మీద కన్నా మా సంఘాల మీదే ఎక్కువ. మేము దేన్ని గొప్పగా చెప్పుకుంటే మీరు దాన్నే రాస్తారు. మా గొప్పకు కొలబద్ద మారిపోయిందనీ, ఆ కొత్త కొలబద్ద మేము చంకన పెట్టుకుని తిరిగే గ్రంథానికే ఎదురు నిలుస్తోందనీ చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలోని బీద విధవరాలి కథ తెలియని తెలుగు క్రైస్తవులు ఉండరు. కానుకలు పట్టడానికి ముందు ప్రసంగీకులు ఎక్కువగా ఎత్తుకునే భాగాల్లో అదొకటి. ధనవంతులు యెరూషలేము ఆలయపు కానుకపెట్టెలో విశేషంగా వేస్తుండగా ఆమె వచ్చి రెండు కాసులు వేసింది. ఆనాటి నాణేల లెక్క ప్రకారం ఆ రెండు కాసులు ఒక దేనారంలో 64వ వంతు, దేనారమంటే ఒక కూలివాని రోజు కూలి. ఇప్పుడు పొలం పనికి రోజుకు 400 రూపాయలు గిడుతుందనుకుంటే ఆమె కానుక ఆరు రూపాయల పావలా. మా ఊరి బస్టాండులో దానికి టీ కూడా రాదు. అంత చిన్న మొత్తాన్ని యేసు గమనించాడనీ, అందరికంటే ఆమే ఎక్కువ వేసిందని శిష్యులను పిలిచి చెప్పాడనీ వివరించి, ఆ వెంటనే ‘మీరూ మీకున్నదంతా వేయండి’ అన్న చోటికి ప్రసంగం చేరుకుంటుంది. కానీ యేసు ఆ మాట అనలేదు. ఆమెలాగా వేయమని ఎవరికీ చెప్పలేదు, ఆమెను ముందుకు పిలిచి సభకు పరిచయం చేయలేదు, పేరు కూడా అడగలేదు.

ఆ కథకు ముందున్న వచనాలనూ వెనుకనున్న వచనాలనూ కలిపి చదివితే సంగతి మరింత స్పష్టమవుతుంది. సరిగ్గా దానికి ముందు యేసు శాస్త్రులను, అంటే ధర్మశాస్త్రం బోధించే యూదు పండితులను, గురించి జాగ్రత్తపడమంటాడు. నిలువుటంగీలు ధరించి తిరగడం, సంతవీధుల్లో వందనాలు అందుకోవడం, సమాజమందిరాల్లో అగ్రపీఠాలు, విందుల్లో అగ్రస్థానాలు వారికి ఇష్టమనీ, వారు విధవరాండ్ర ఇండ్లు దిగమింగుతారనీ హెచ్చరిస్తాడు. ఆ మాట చెవిలో ఉండగానే ఒక విధవరాలు వచ్చి తన జీవనమంతా ఆ పెట్టెలో వేసి వెళుతుంది. కథ ముగియగానే శిష్యుల్లో ఒకడు ఆలయపు రాళ్లను, కట్టడాలను చూపించి ఎంత గొప్పవో చూడమంటాడు. రాతి మీద రాయి నిలవదని యేసు జవాబిస్తాడు, క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ ఆలయాన్ని కూల్చింది. అధ్యాయం 44వ వచనంతో ముగుస్తుంది కాబట్టి మేమూ చదవడం అక్కడే ఆపేస్తాం. ఆగకుండా చదివితే, ఆ చిన్న కానుకను యేసు మెచ్చుకున్నాడన్నది ఎంత నిజమో, దాన్ని రాబట్టిన పెద్ద కట్టడాన్ని ఆయన మెచ్చుకోలేదన్నదీ అంతే నిజమని తెలుస్తుంది. పేదరాలి రెండు కాసులను చూపించి గ్రానైటు మెట్లకు, గోపురం మీది శిలువ లైట్లకు చందాలు అడిగేవారు ఈ భాగాన్ని తలకిందులుగా చదువుతున్నారని నా అభిప్రాయం.

ఒంగోలులో ఉంటున్నాను కాబట్టి మా ఊరి చరిత్రనే ఇంకొక ఉదాహరణగా చెబుతాను. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి ఇక్కడి బాప్టిస్టు సంఘాల్లో చిన్న పిల్లలకు కూడా కంఠోపాఠం. ఆ అంకె చెప్పేటప్పుడు మా గొంతు కొంచెం పెరుగుతుంది కూడా. దానికి వెనుక ఉన్న అంకెలు మాత్రం చాలామందికి తెలియవు. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగుదేశానికి వచ్చి, తర్వాత నెల్లూరు కేంద్రంగా నడిపిన మిషన్‌లో ఏళ్లు గడిచినా చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాన్ని మూసివేయాలా అన్న చర్చ 1853లో అమెరికాలో జరిగింది, పటం మీద ఒకే ఒక్క చుక్కగా మిగిలిన ఆ కేంద్రానికి ఒంటరి నక్షత్రమన్న పేరు ఆ చర్చలోనే వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1న తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు కలిసి ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. అంతా కలిపి ఐదుగురు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడిన నాటికి సభ్యులు ఎనిమిది మంది. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని కల్పించిన ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర, గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని, ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పెద్ద అంకె తన చేతికి అందుతున్నప్పుడు దాన్ని వద్దనుకోగలిగిన ఆ నిగ్రహం నాకు ఆ 2,222 కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పల్లెపల్లెకు కాలినడకన తిరిగిన ఉపదేశకుల్లో తాళ్లకొండపాడు పేరయ్య వంటి కొందరి పేర్లు మిగిలాయి, చాలామందివి మిగల్లేదు. మాల మాదిగ పల్లెల్లో వాకిళ్లలో కూర్చుని ఆడవాళ్లకు అక్షరాలూ కీర్తనలూ నేర్పిన బైబిలు స్త్రీల పేర్లు అంతకన్నా తక్కువ మిగిలాయి.

ఇక మా ఇళ్లలోని సంగతి. ఎసట్లో బియ్యం పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేయడం అమ్మమ్మల నాటి నుంచి తెలుగు సంఘాల్లో ఉన్న అలవాటు. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఇదే పద్ధతి 1910లో మొదలై నేటికీ సంఘ సేవకు ప్రధానమైన ఆదరువుల్లో ఒకటిగా నడుస్తోంది. మా దగ్గర నెలకొకసారి స్త్రీల సమాజం వారు ఆ డబ్బాలు తెచ్చి ఒకే గోనెసంచిలో పోస్తారు. అందులో సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషను బియ్యం, అప్పుడప్పుడు నూకలు, ఏ ఇంటివి ఏవో తెలియకుండా కలిసిపోతాయి. ఆ బియ్యం వండితే ఒక మెతుకు ఉడికి ఒక మెతుకు పలుకుగా ఉంటుందని వంట చేసేవాళ్లు విసుక్కుంటారు గానీ, ఇల్లు గడవని వారికి, బాలింతలకు, మంచాన పడ్డవారికి ఆ సంచిలోంచే వెళ్లేది. ఇచ్చినవారి పేరు ఎక్కడా ఉండదు, ఉండే వీలు కూడా లేదు. కరువులో ఏలీయా ప్రవక్తకు అన్నం పెట్టిన సారెపతు విధవరాలి ఇంట్లో తొట్టిలోని పట్టెడు పిండి, బుడ్డిలోని కొంచెము నూనె కథ చదివి పెరిగిన స్త్రీలకు ఈ పద్ధతిని ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కర్లేదు. ఇప్పుడు చాలా చోట్ల ఈ డబ్బా పోయి కవరు వచ్చింది, కవరు పోయి బల్ల మీద క్యూఆర్ కోడు వచ్చింది. సౌకర్యంగా ఉన్న మాట నిజమే. కాకపోతే కవరు మీద పేరుంటుంది, ఆదివారం మైకులో ఆ పేరుతోపాటు మొత్తం కూడా చదువుతారు. వంద రూపాయలు వేసినవారి పేరు, పది వేలు వేసినవారి పేరు ఒకే గొంతుతో చదవడం ఏ సంఘంలోనైనా విన్నవారుంటే నాకు తెలియజేయగలరు.

కోత పండుగ కూడా ఇలాగే మారుతోంది. పెరటి గుమ్మడికాయ, గంపకింది కోడిపుంజు, అరటి గెల, మొదటి కోత వడ్లు తెచ్చి మందిరంలో పెట్టి, ఆరాధన తర్వాత వేలం వేసే పండుగ అది. గుమ్మడికాయను సంతధరకు అయిదింతలు పెట్టి పాడుకునే సంబరంలో తప్పు లేదు. అయితే పాట పాడుకున్నవారికి శాలువా కప్పి, కాయ పండించి తెచ్చిన ముసలామెను వెనుక వరుసలోనే వదిలేస్తున్నాం.

చిన్నవాటిని పట్టించుకోవడమంటే చిన్నవాటి మీద చాదస్తం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. పుదీనాలోనూ సోపులోనూ జీలకర్రలోనూ దశమభాగం లెక్కకట్టి చెల్లిస్తూ, న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టిన వారిని యేసు ఎంత కటువుగా మందలించాడో మత్తయి సువార్త ఇరవై మూడో అధ్యాయంలో ఉంది. వాటిని మానకుండానే వీటిని చేయవలసి ఉండిందన్నాడు కాబట్టి ఆయన జీలకర్ర లెక్కను తీసిపారేయలేదు, అది దేనికి అడ్డుగా నిలిచిందో చూపించాడు. ముసుగు వేసుకోలేదనీ, ఆరాధనకు ఆలస్యంగా వచ్చారనీ ఆడపిల్లలను అందరి ముందూ నిలదీసే సంఘపెద్దలు, అదే సంఘంలో సెప్టిక్ ట్యాంకులోకి దిగి ప్రాణం పోగొట్టుకున్న మనిషి కుటుంబానికి పరిహారం అందిందో లేదో కనుక్కోవడానికి ఒకసారి కలెక్టరాఫీసు దాకా వెళ్లరు. ఇది చిన్నవాటి మీద శ్రద్ధ కాదు, జీలకర్ర లెక్క మాత్రమే.

బైబిలు దేన్ని చిన్నదిగా చూపించి మెచ్చుకుంటుందో గమనిస్తే అది దాదాపు ప్రతిసారీ ఇంకొక మనిషి అవసరానికి ముడిపడి ఉంటుంది. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు బాగుపడిన కథ ప్రవక్తతోనూ రాజులతోనూ మొదలు కాలేదు, సిరియా సైనికులు చెరపట్టుకొచ్చిన పేరు తెలియని చిన్నపిల్ల తన యజమానురాలితో అన్న ఒక్క మాటతో మొదలైంది. తనను దాసిగా చేసిన ఇంటివాడి రోగం గురించి ఆ పిల్ల బాధపడింది. యొప్పే పట్టణంలో పేదలకు సాయపడే శిష్యురాలు తబిత చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు. అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు చూసి ఇంతమందికి ఇవి ఏమాత్రమని శిష్యుడు అంద్రెయ అడిగిన ప్రశ్న అందరికీ గుర్తుంటుంది, అయిదు వేలమంది తిన్న తర్వాత ఏమీ నష్టపోకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమన్న ఆజ్ఞ మాత్రం అంతగా గుర్తుండదు. అంత అద్భుతం చేసినవాడు మిగిలిన ముక్కలను లెక్కలోకి తీసుకున్నాడు. మహాసభల రాత్రి మైదానంలో విస్తళ్ల కింద తొక్కుడుపడిపోయే అన్నం చూసినప్పుడల్లా నాకు ఆ ముక్కలతో నిండిన పన్నెండు గంపలే తలపుకొస్తాయి. పౌలు చివరి రోజుల్లో చెరసాలలోంచి రాసిన ఉత్తరం కూడా ఇక్కడ చెప్పదగినది. పరుగు కడముట్టించాను, విశ్వాసం కాపాడుకున్నాను అన్న మాటలు గోడల మీద రాసుకుంటాం గానీ, కొద్ది వచనాల తర్వాత ఆయన త్రోయలో కర్పు దగ్గర వదిలివచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మని తిమోతిని అడుగుతాడు, శీతకాలం రాకముందే రావడానికి ప్రయత్నించమంటాడు. చలికి అంగీ కావాలని ఆ మనిషి సిగ్గుపడకుండా రాశాడు, సంఘమూ ఆ వాక్యాన్ని కొట్టివేయకుండా లేఖనంగా దాచుకుంది.

పెద్ద పనులు వద్దని నా ఉద్దేశం కాదు. వెల్లూరులో 1900లో అమెరికన్ మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల పెరిగి పెద్దది కాకపోయి ఉంటే చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి రైలెక్కి అక్కడికి వెళ్లే రోగుల గతి ఏమయ్యేది? అక్కడ పెరిగింది రోగులకు ఉపయోగపడే మంచాల సంఖ్య. మా దగ్గర పెరుగుతున్నది గోపురం ఎత్తు, స్పీకర్ల సామర్థ్యం. రెండూ పెరుగుదలే అంటే నేను ఒప్పుకోను.

సంఘపెద్దలకూ కాపరులకూ నా మనవి రెండే. కానుకదారుల పేర్లు, మొత్తాలు మైకులో చదవడం ఈ ఏటి నుంచి మానండి. వార్షిక సర్వసభ్య సమావేశంలో చదివే జమాఖర్చుల్లో భవన నిర్మాణ పద్దు ఎంత వివరంగా ఉంటుందో, పిడికెడు బియ్యం ఎవరెవరి అవసరానికి వెళ్లిందన్నది, సాయం పొందినవారి పేర్లు బయటపెట్టకుండా, అంత వివరంగానూ ఉండేలా చూడండి. పత్రికవారికి కూడా ఒక మనవి. రాబోయే క్రిస్మస్‌కు మీ విలేకరి ఏదైనా మందిర ప్రతిష్ఠకు వెళితే, శిలాఫలకం మీది పేర్లు రాసుకున్న తర్వాత, ఆ ఏడాది ఆ సంఘం నుంచి ఎంతమంది ఆసుపత్రి ఖర్చులకూ ఎంతమంది పిల్లల ఫీజులకూ సాయం వెళ్లిందో కార్యదర్శిని అడగమనండి. జవాబు దొరికితే దాన్ని వేయండి, దొరకకపోతే దొరకలేదనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఒంగోలు