కిషినావు వెళ్తున్న మా అమ్మాయికి

హైదరాబాదు

చిరంజీవి మానసకు,

అమ్మ ఆశీస్సులు. మోల్డోవా రాజధాని కిషినావులో ఒక చిన్న విధాన పరిశోధన సంస్థలో చేరుతున్నావనీ, అక్కడి యువ పరిశోధకులకు పని నేర్పే బాధ్యత నీకు అప్పగించారనీ తెలిసి చాలా సంతోషించాను. అయితే నీ ఉత్తరంలో శిక్షణ తరగతుల గురించి ఎంతో వివరంగా రాశావు గానీ, ఆ సంస్థ ఇప్పుడు ప్రభుత్వం తీసుకోబోయే ఏ నిర్ణయం మీద పనిచేస్తోందో ఎక్కడా రాయలేదు. ఈ వృత్తిలో నేర్పు అబ్బేది గడువు ముంచుకొస్తున్న ఒక నిజమైన నిర్ణయం మీద కాగితం రాసేటప్పుడే అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, అక్కడివాళ్లకు చదువు తక్కువన్న ఊహతో వెళ్లకు. సోవియట్ కాలంలో అకాడమీ ఆఫ్ సైన్సెస్ కిందా, మంత్రిత్వ శాఖల కిందా ఎన్నో పరిశోధన సంస్థలు ఉండేవి; వాటిలో తయారైనవాళ్లకు గణితంలో ఉన్న పునాది చూస్తే మనకే ముచ్చటేస్తుంది. కానీ నిర్ణయం పైన ఎక్కడో జరిగిపోయేది, పరిశోధకుడు దాన్ని సమర్థిస్తూనో, దాని అమలుకు లెక్కలు కడుతూనో రాసేవాడు. ఒక సమస్యకు రెండు మూడు పరిష్కారాలను పక్కపక్కన పెట్టి, దేనికి ఎంత ఖర్చవుతుంది, ఎవరికి నష్టం కలుగుతుంది, అమలు చేయడానికి సిబ్బంది ఉన్నారా అని తేల్చి, ఆ తేల్చినదాన్ని పౌరులందరూ చదివేలా బయటపెట్టమని వాళ్లను ఎవరూ అడగలేదు. సోవియట్ యూనియన్ కూలిన 1991 తర్వాత ఆ అవసరం ఒక్కసారిగా మీదపడింది.

ఆ నేర్పు ఎలా వచ్చిందో చూడాలంటే మాస్కో ఉదాహరణ నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. అమెరికాకు చెందిన అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే విధాన పరిశోధన సంస్థ 1992లో రేమండ్ స్ట్రైక్ నాయకత్వంలో రష్యా గృహరంగ సంస్కరణలకు సలహాలివ్వడానికి అక్కడ పని మొదలుపెట్టింది. నగరాల్లో ఇళ్లు చాలావరకు ప్రభుత్వానివో, కర్మాగారాలవో. అద్దెలు దశాబ్దాల కిందట ఖరారు చేసిన నామమాత్రపు అద్దెలు. అద్దె పెంచకపోతే మరమ్మతులకు డబ్బుండదు, పెంచితే పింఛను మీద బతికే వృద్ధులు కట్టలేరు. ఈ చిక్కుకు పరిష్కారంగా, కుటుంబ ఆదాయంలో ఒక నిర్ణీత వాటాకు మించిన భారాన్ని ప్రభుత్వమే భరించే గృహ భత్యం 1994 నుంచి అమల్లోకి వచ్చింది. ఆదాయాన్ని దేని ఆధారంగా రుజువు చేయాలి, దరఖాస్తు ఫారం ఎన్ని పేజీలుండాలి, నగరపాలక సంస్థలో ఏ కిటికీ దగ్గర ఎవరు దాన్ని తీసుకోవాలి అన్నంతవరకు ఆలోచిస్తే తప్ప అలాంటి పథకం నడవదు. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లతో కలిసి పనిచేసిన రష్యన్ నిపుణులే 1995లో నదేజ్దా కొసరేవా అధ్యక్షురాలిగా ఇన్‌స్టిట్యూట్ ఫర్ అర్బన్ ఎకనామిక్స్ అనే సొంత సంస్థను పెట్టుకున్నారు. వాళ్లు స్వతంత్రంగా నిలబడగలగడానికి ఆ ఏళ్లలో విన్న ఉపన్యాసాల కంటే, ఆ చిక్కుముడులను పక్కన కూర్చుని విప్పడమే ఎక్కువ తోడ్పడిందని నా అభిప్రాయం.

పోలండ్ రాజధాని వార్సాలో 1991లో ఏర్పడిన కేస్ అనే ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ దారి వేరు. దాన్ని స్థాపించినవాళ్లలో మారెక్ దొంబ్రోవ్‌స్కీ వంటి వాళ్లు అప్పటికే పోలండ్ సంస్కరణలను ప్రభుత్వంలో ఉండి నడిపినవాళ్లు. తర్వాత ఉక్రెయిన్, కిర్గిజ్‌స్తాన్ వంటి దేశాలకు ఆ అనుభవాన్ని తీసుకెళ్లారు. మోల్డోవా వాళ్లకు నీ మాట కంటే పొరుగు దేశంలో అదే కష్టం పడినవాళ్ల మాట ఎక్కువగా ఎక్కుతుంది కాబట్టి, అలాంటివాళ్లను పిలిపించడానికి నీ బడ్జెట్‌లో కొంత తప్పక ఉంచుకో.

ఇక రాత సంగతి. ఇక్కడ నేను చదివిన ముసాయిదా నివేదికల్లో చాలావాటికి చివర సిఫార్సుల అధ్యాయం ఒకటి ఉండేది. అందులో అవగాహన పెంచాలి, శాఖల మధ్య సమన్వయం మెరుగుపరచాలి అని రాసి ముగించేవారు. ఏ శాఖ, ఏ పద్దు నుంచి, ఏ జీవోను సవరించి ఆ పని చేయాలో ఎక్కడా ఉండేది కాదు. అక్కడా నీకు ఇదే ఎదురవుతుంది. ప్రతి పత్రం మొదటి పేజీలోనే నిర్ణయం తీసుకోవలసిన అధికారి ఎవరో, ఆయన చేయగలిగింది ఏమిటో రాయించు. అచ్చుకు వెళ్లేముందు ఆ పత్రంతో సంబంధం లేని మరొకరు దాన్ని చదివి, లెక్కలన్నీ మళ్లీ కట్టి చూసే నియమం పెట్టించు. డైరెక్టరు రాసినదానికి కూడా ఈ నియమం వర్తించాలి. ఆయనకు మినహాయింపు ఇస్తే చిన్నవాళ్లెవరూ దాన్ని లక్ష్యపెట్టరు.

మోల్డోవా పాతిక లక్షల జనాభా కూడా లేని దేశం, పైగా యువత పెద్ద సంఖ్యలో వలసపోతున్న దేశం. 2022లో యూరోపియన్ యూనియన్ అభ్యర్థి హోదా రావడంతో, 2024 జూన్‌లో ప్రవేశ చర్చలు మొదలవడంతో చట్టాలు చదివి విశ్లేషించగల ప్రతి మనిషికీ గిరాకీ పెరిగి ఉంటుంది. నువ్వు తీర్చిదిద్దినవాళ్లు మంత్రిత్వ శాఖలకో, బ్రస్సెల్స్‌కో వెళ్లిపోతే బాధపడకు, అది ఆ దేశానికి మేలే. కానీ డేటా ఫైళ్లూ, లెక్క కట్టిన పద్ధతీ వాళ్లతోపాటు వెళ్లిపోకుండా, మరొకరు తెరిచి అర్థం చేసుకునేలా సంస్థలో ఉండాలి. ఊరిస్తూ సర్టిఫికెట్లు పంచే శిక్షణలు ఈ ఒక్క పనినే మరిచిపోతాయని నాకు చాలా కాలంగా ఆవేదన.

డబ్బు విషయం రాయకుండా ముగించలేను, నాకు అసలు భయం అక్కడే. నువ్వు చదివిన సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీయే విదేశీ విశ్వవిద్యాలయాలపై హంగరీ తెచ్చిన చట్టం కారణంగా 2019లో బుడాపెస్ట్ నుంచి వియన్నాకు తరలవలసి వచ్చింది. రష్యా 2012లో, విదేశీ నిధులు తీసుకునే సంస్థల మీద విదేశీ ఏజెంట్ల చట్టం తెచ్చింది; జార్జియా 2024లో, రాబడిలో 20 శాతానికి మించి విదేశాల నుంచి వచ్చే సంస్థలు విదేశీ శక్తుల ప్రయోజనాల కోసం పనిచేసేవిగా నమోదు కావాలంది. 2025లో అమెరికా విదేశీ సహాయాన్ని ఆపేసినప్పుడు, ఒక్క దాతనే నమ్ముకున్న సంస్థలకు ఆ నెల జీతాలకే ఇబ్బంది వచ్చింది. దాతలు ఎందరున్నా, ఎవరు ఎంత ఇచ్చారో సంస్థ తానే ప్రకటించాలి. పరిశోధన ఫలితాన్ని దాత మార్చరాదని ఒప్పందంలో రాయించాలి.

కాబట్టి వెళ్లిన మొదటి వారంలోనే గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడిగి చదువు. వాళ్ల పాత పత్రాల్లో రెండు ఎంచుకుని, అవి ఏ అధికారి దగ్గరికి చేరాయో, ఏ కారణంగా ఆగాయో వాకబు చెయ్యి. తరగతుల ప్రణాళిక ఆ తర్వాత వేసుకోవచ్చు. వాళ్లకు అభ్యంతరం లేకపోతే మొదటి ముసాయిదా ఇంగ్లీషు ప్రతి నాకు పంపు, చదివి నా ప్రశ్నలు రాసి పంపుతాను.

ఇట్లు,
అమ్మ